యబ్బేజు, హొగ్లా, యూషబ్హెసెదు: బైబిలు వంశావళుల్లో మనం దాటేసే పేర్లు

బైబిలును వరసగా చదివే ఇళ్లలో దినవృత్తాంతాల మొదటి గ్రంథం వంతు వచ్చిందంటే చదివేవాళ్లకు టెన్షనే. "ఆదాము షేతు ఎనోషు కేయినాను మహలలేలు యెరెదు" అంటూ మొదలవుతుంది. క్రియ లేదు, కథ లేదు. పేర్ల వెంట పేర్లు, దాదాపు తొమ్మిది అధ్యాయాలు. మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో అమ్మ ఒక్క పేరు కూడా వదలనిచ్చేది కాదు. నోరు తిరగకపోతే ఆ వచనం మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే. "ఊరికే రాయించి ఉంటాడా దేవుడు?" అనేది. మరి ఎందుకు రాయించాడని అడిగితే ఆమె దగ్గరా జవాబు ఉండేది కాదు. చాలా ఏళ్ల తర్వాత హెబ్రీ అక్షరాలు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాక నాకు అర్థమైంది: మనకు పేర్లుగా మాత్రమే కనిపించేవి, రాసినవాళ్లకు రోజూ వాడే మాటలు.

కయీను తమ్ముడు హేబెలు. ప్రసంగి గ్రంథం తెరవగానే కనిపించే మాట "వ్యర్థము". హెబ్రీలో ఈ రెండూ ఒకటే, హెవెల్. ఊపిరి, ఆవిరి, చలికాలం పొద్దున నోట్లోంచి వచ్చి చూస్తుండగానే కరిగిపోయే పొగ. ఆ కథ వింటున్న హెబ్రీ పిల్లవాడికి పేరు చెవిన పడగానే, వీడు ఎక్కువ కాలం ఉండేవాడు కాదని తెలిసిపోతుంది. తెలుగులో ఒకచోట "హేబెలు", ఇంకోచోట "వ్యర్థము". రెండింటికీ చుట్టరికం ఉందని మనకు తెలిసే దారి లేదు.

దీన్ని అనువాదకుల తప్పు అనలేం. పేరును పేరుగానే ఉంచాలి కదా. తెలుగు నోటికి హల్లు మీద ఆగడం అలవాటు లేదు కాబట్టి చివర ఉకారం చేరింది: దావీదు, హనోకు, పెలెగు. హెబ్రీలో వేరువేరుగా ఉన్న రెండు హకారాలు తెలుగులో ఒక్కటయ్యాయి. గొంతు అడుగునుంచి పలికే అయిన్ అనే అక్షరం అసలు వినిపించకుండా పోయింది. హెబ్రీలో మాట అర్థం మూడు హల్లుల ధాతువులో ఉంటుంది. ఆ మూడింటిలో ఒకటి మాయమైతే అర్థాన్ని పట్టుకోవడం కష్టం.

పెలెగు సంగతే చూడండి. అతని రోజుల్లో భూమి విభాగింపబడిందని, అందుకే ఆ పేరని ఆదికాండం 10వ అధ్యాయం చెబుతుంది. ప-ల-గ ధాతువుకు చీల్చడం, పంచడం అని అర్థం. మొదటి కీర్తన మనలో చాలామందికి నోటికి వచ్చు: "నీటికాలువల యోరను నాటబడినదై". అక్కడ కాలువలకు హెబ్రీ మాట పల్గే. ఏటిని చీల్చి తెచ్చేదే కాలువ. పెలెగు పేరులోంచి ఖండాలు విడిపోయిన సంగతిని బయటికి లాగేవాళ్లున్నారు గానీ, వచనం అంత మాట అనడం లేదు. తర్వాతి అధ్యాయంలోనే బాబెలు దగ్గర జనం చెదిరిపోయారు. ఆ పంపకాన్నే ఉద్దేశించి ఉంటారనుకోవడం దగ్గరి దారి.

ఈ పేర్లు ఎలా తయారవుతాయో ఒక్కసారి తెలిస్తే వంశావళి చదవడం సగం సులువవుతుంది. చాలా పేర్లు చిన్న చిన్న వాక్యాలు. ఒక కొసన దేవుడి పేరు: "ఏల్", లేదా యెహోవా అనే పేరు కుదించిన రూపాలు, అంటే ముందైతే "యెహో", "యో", చివరైతే "యా", "యాహు". ఇంకో కొసన ఒక క్రియ. నాతన్ అంటే ఇచ్చాడు. నాతాను, నెతనేలు, నెతన్యా, ఎల్నాతాను, యోనాతాను, మత్తన్యా, అన్నీ ఆ ఒక్క క్రియలోంచి వచ్చినవే. మన దేవదత్తుడు లాంటి పేర్లన్నమాట. దేవుడి పేరు ముందు పెట్టినా వెనక పెట్టినా అర్థం మారదు. హనన్యా అన్నా యోహానాను అన్నా "యెహోవా కరుణించాడు" అనే.

ఇది తెలియకపోతే ఒక మనిషే ముగ్గురుగా కనిపిస్తాడు. బబులోనుకు చెరపట్టుకుపోయిన రాజును రాజుల గ్రంథం యెహోయాకీను అంటుంది. దినవృత్తాంతాల వంశావళి, మత్తయి సువార్త యెకొన్యా అంటాయి. యిర్మీయా ఒకచోట కొన్యా అంటాడు. స్థిరపరచడం అనే క్రియకు దేవుడి పేరు ముందు చేరితే మొదటిది, వెనక చేరితే రెండోది. కొసన ఉన్న దేవుడి పేరు అలాగే ఉండి, క్రియ ముందరి అక్షరం తీసేస్తే మూడోది. "నా కుడిచేతి ఉంగరంగా ఉన్నా నిన్ను ఊడబెరికేస్తాను" అని దేవుడు రాజుతో అంటున్న చోట ఆ కురచ పేరు వస్తుంది. పేరులో కూడా ఏదో ఊడబెరికినట్టే వినిపిస్తుంది నాకు.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. బైబిలే కొన్ని పేర్లకు కారణం చెబుతుంది. ఆ కారణం, నిఘంటువు చెప్పే అర్థం, ప్రతిసారీ ఒకటి కావు. నోవహు పేరు "విశ్రాంతి" అనే ధాతువునుంచి వచ్చింది. కానీ తండ్రి లెమెకు బిడ్డకు పేరు పెడుతూ వాడిన క్రియ "ఓదార్చడం". అది వేరే ధాతువు. ధ్వని మాత్రం దగ్గర. పేరు పెట్టే తల్లిదండ్రులు వ్యాకరణం చూసుకుని పెట్టరు, చెవికి తగిలిన పోలికను పట్టుకుంటారు. అందుకని "ఈ పేరుకు అర్థమేమిటి" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోకూడదు. పేరు పెట్టినవాళ్లు దానిలో ఏం విన్నారన్నది ఇంకో ప్రశ్న.

యబ్బేజు దగ్గర ఈ రెండో ప్రశ్నే అసలైనది. దినవృత్తాంతాలు 4వ అధ్యాయంలో యూదా వంశం జాబితా నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఆగుతుంది. తండ్రి పేరు లేకుండా ఒక మనిషి. వేదనపడి కన్నానని తల్లి ఆ పేరు పెట్టింది. హెబ్రీలో వేదనకు హల్లుల వరస అయిన్-సాదె-బేత్. బిడ్డ పేరులో వరస అయిన్-బేత్-సాదె. చివరి రెండు అక్షరాలు తారుమారు. తల్లి నోట వేదన అనే మాట సరిగ్గా రాలేదా, లేక ఆ వేదన బిడ్డకు పూర్తిగా అంటకూడదని కావాలనే తిప్పేసిందా? వచనం చెప్పదు. రెండోదే అయి ఉండాలని నా మనసు కోరుకుంటుంది. ఆ తర్వాత యబ్బేజు చేసిన ప్రార్థన ఉంది, సరిహద్దు విశాలం చేయమని, కీడు రాకుండా తప్పించమని. హెబ్రీలో ఆ ప్రార్థన చివరి మాట "నాకు వేదన కలగకుండా". అక్కడ అక్షరాలు సరైన వరసలోకి వచ్చేస్తాయి. పుట్టినప్పుడు తారుమారైన మాటను పెద్దవాడయ్యాక తానే దేవుడి ముందు విప్పి పెట్టాడు. ఈ ప్రార్థన మీద మనవైపు ఎన్నో ప్రసంగాలు వస్తాయి, అన్నీ విశాలమైన సరిహద్దు గురించే. ఆ ఆఖరి మాట గురించి ఎవరైనా చెబుతారేమోనని ఎదురుచూస్తుంటాను.

ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాతి బిడ్డకు పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టడం మన ఊళ్లలో ఉంది. కారణాలు వేరు, నమ్మకాలు వేరు. అయినా ఆ పేర్లు తెలిసినవాళ్లకు యబ్బేజు తల్లి కొత్త మనిషేమీ కాదు.

ఇలాంటి ఇంకో ఇల్లు 7వ అధ్యాయంలో ఉంది. ఎఫ్రాయిము కొడుకుల్ని గాతువాళ్లు చంపేశారు. అతను చాలా రోజులు ఏడ్చాడు, బంధువులు వచ్చి ఓదార్చారు. తర్వాత పుట్టిన కొడుక్కి బెరీయా అని పేరు. "బెరాయా", అంటే కీడులో అన్న మాటకు దగ్గరగా వినిపిస్తుంది. ఇంట్లో జరిగిందంతా ఆ పసివాడి పేరులో ఉంది. ఆ వెంటనే వచ్చే వచనంలో షెయెరా అనే స్త్రీ, ఎగువ దిగువ బేత్‌హోరోనులను, ఉజ్జెన్‌షెయెరాను కట్టించిందని ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోతారు. బేత్‌హోరోను చిన్న ఊరేం కాదు. సముద్రతీరంనుంచి యెరూషలేము కొండల మీదికి ఎక్కే దారిని కాపు కాసే చోటు. ఊళ్లు కట్టించిందని బైబిలు చెప్పే స్త్రీ ఆమె ఒక్కతే. పేరుకు "రక్తసంబంధి" అనే మాటతో పోలిక ఉంది. కొడుకుల్ని పోగొట్టుకున్న ఇంట్లో మిగిలిన రక్తసంబంధి.

ఇప్పుడు ప్రసంగాల్లో, వాట్సాప్‌లో తిరిగే ఒక సంగతి. ఆదామునుంచి నోవహు వరకు ఉన్న పది పేర్ల అర్థాలను వరసగా పెడితే సువార్త అంతా ఒక వాక్యంగా వస్తుందంటారు: "మనిషికి మరణకరమైన దుఃఖం నియమించబడింది, కానీ స్తుతింపబడే దేవుడు దిగివచ్చి, తన మరణం వల్ల నిరాశలో ఉన్నవాళ్లకు విశ్రాంతి తెస్తాడని బోధిస్తాడు". వినగానే ఒళ్లు జలదరిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. ఒక్కో పేరును పట్టుకుని చూస్తే, కొన్ని నిలబడతాయి. ఆదాము మనిషి, ఎనోషు కూడా మనిషే. షేతు "నియమించిన" అన్న మాటకు దగ్గర, ఆదికాండమే అలా చెబుతుంది. మహలలేలులో స్తుతి ఉంది, దేవుడు ఉన్నాడు. యెరెదులో దిగడం ఉంది. హనోకులో ప్రతిష్ఠించడం, తర్ఫీదు ఇవ్వడం ఉన్నాయి. నోవహులో విశ్రాంతి ఉంది. మిగతా మూడింటి దగ్గరే తాడు తెగుతుంది. కేయినాను అంటే దుఃఖం అనడానికి శోకగీతం అనే మాటతో ఉన్న శబ్దసామ్యమే ఆధారం. ఆ పేరు కయీను పేరుకు దగ్గరి చుట్టం, లోహపు పనితో ముడిపడిన మాట అనుకోవడానికే ఎక్కువ వీలుంది. లెమెకు పేరుకు హెబ్రీలో నిక్కచ్చి అర్థమే దొరకలేదు. నిరాశ అని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు.

అసలు తగువు మెతూషెల దగ్గర. "అతని మరణం తెస్తుంది" అని అర్థం చెబుతారు. నిజానికి "మెతూ" అంటే మనిషి, పాత రూపం. "షెలహ్" అంటే ఈటెలాంటి ఆయుధం. దీనికి సాక్ష్యం పక్కనే ఉంది. ఒక అధ్యాయం ముందు, కయీను వంశంలో మెతూషాయేలు అనే పేరు కనిపిస్తుంది, అంటే దేవుని మనిషి. అక్కడ "మెతూ"ను మరణం అంటే పేరు అర్థం లేకుండా పోతుంది. అయితే మెతూషెలకూ జలప్రళయానికీ సంబంధం లేదా? ఉంది, లెక్కలో ఉంది. 187వ ఏట లెమెకును కన్నాడు. లెమెకు 182వ ఏట నోవహును కన్నాడు. నోవహు 600వ ఏట ప్రళయం. కలిపితే 969, అచ్చంగా మెతూషెల ఆయుష్షు. ఆ ముసలాయన పోయిన ఏడే నీళ్లు వచ్చాయి. రచయిత ఈ సంగతిని అంకెల్లో పెట్టాడు. దాన్ని పేరులో వెతకడం వల్లనే తప్పు జరిగింది.

రచయితలు అక్షరాలతో, అంకెలతో ఆడుకోలేదని నేననను. హెబ్రీలో అక్షరాలే అంకెలు. దావీదు పేరులో దాలెత్ 4, వావ్ 6, మళ్లీ దాలెత్ 4, మొత్తం 14. మత్తయి వంశావళి పద్నాలుగు తరాల చొప్పున మూడు భాగాలు. ఆ పద్నాలుగు కుదరడం కోసం యోరాముకు, ఉజ్జియాకు మధ్య ఉన్న అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులను వదిలేశాడు. ఇక్కడ తేడా ఏమిటంటే, పద్నాలుగు అన్న మాట మత్తయే మూడుసార్లు పైకి చెప్పాడు. పది పేర్ల వాక్యం గురించి ఆదికాండం ఎక్కడా ఏమీ అనలేదు.

వంశావళి పేర్లలో చరిత్ర ఎంత దాగి ఉందో చూడాలంటే సౌలు ఇంటికి వెళ్లాలి. సమూయేలు రెండో గ్రంథంలో సౌలు కొడుకు ఇష్బోషెతు. బోషెత్ అంటే సిగ్గు. "సిగ్గు మనిషి" అని ఏ తండ్రి పేరు పెడతాడు? దినవృత్తాంతాల వంశావళిలో అదే కొడుకు పేరు ఎష్బయలు. బయలు మనిషి. యోనాతాను కొడుకు, రెండు కాళ్లూ కుంటివాడు, అక్కడ మెఫీబోషెతు, ఇక్కడ మెరీబ్బయలు. దావీదు సొంత కొడుకొకడు ఒక జాబితాలో ఎల్యాదా, ఇంకో జాబితాలో బెయెల్యెదా. గిద్యోను మారుపేరు న్యాయాధిపతుల గ్రంథంలో యెరుబ్బయలు, సమూయేలులో యెరుబ్బెషెతు.

బయలు అంటే మొదట యజమాని, ప్రభువు, భర్త. కనానీయుల దేవుడి పేరుగా అది స్థిరపడకముందు, లేదా స్థిరపడుతున్న రోజుల్లో, యెహోవాను కూడా "ప్రభువు" అనే అర్థంలో అలా పిలిచినవాళ్లున్నారు. దావీదు దగ్గరికి వచ్చిన బెన్యామీను వీరుల్లో బెయల్యా అనే పేరుంది: "యెహోవాయే బయలు". ఇంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరు. హోషేయ కాలానికి పరిస్థితి మారిపోయింది. ఇకమీదట నన్ను బయలు అని పిలవవు అని దేవుడే అంటున్నట్టు ఆ ప్రవక్త రాశాడు. ఆ తర్వాత సమూయేలు గ్రంథాన్ని రాసుకున్న లేఖికులు ఆ మాటను నోటితో పలకలేక "సిగ్గు" అని మార్చారు. దినవృత్తాంతాల గ్రంథం సమూయేలు తర్వాత రాసినదే, అయినా పాత పేర్లు దాన్లోనే మిగిలాయి. ఈ పేర్ల జాబితాలను గుడిలో ఎక్కువగా చదవలేదు కాబట్టి దిద్దేవాళ్ల చెయ్యి వీటి మీద పడలేదని చాలామంది అనుకుంటారు. మనం దాటేసే అధ్యాయాలను వాళ్లూ దాటేశారు, దానివల్లే నిజం బతికింది.

మట్టి కూడా ఈ మాటకు సాక్ష్యం చెప్పింది. దావీదు గొల్యాతును ఎదిరించాడని చెప్పే ఏలా లోయ పైన ఖిర్బెత్ కెయాఫా అనే శిథిల కోట ఉంది. 2012 తవ్వకాల్లో అక్కడ ముక్కలైన ఒక జాడీ దొరికింది. పెంకులన్నీ అతికించాక దాని మీద కాల్చకముందే చెక్కిన రాత కనిపించింది: "బేదా కొడుకు ఎష్బయలు". 2015లో ప్రకటించారు. అతను సౌలు కొడుకు కాదు, తండ్రి పేరే వేరు. కానీ క్రీ.పూ. 1000 ప్రాంతంలో ఆ కొండల్లో మనుషులు నిజంగా ఆ పేరు పెట్టుకున్నారు. 2021లో ఖిర్బెత్ ఎర్‌రాయి అనే చోటినుంచి సిరాతో రాసిన ఇంకో పెంకు గురించి చెప్పారు. దాని మీద యెరుబ్బయలు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పెంకుల సంగతి. మనష్షే గోత్రంలో సెలోపెహాదుకు కొడుకులు లేరు, అయిదుగురు కూతుళ్లు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. సంఖ్యాకాండం 27లో వీళ్లు మోషే ముందు, యాజకుడి ముందు, సమాజమంతటి ముందు నిలబడి "మా నాన్నకు కొడుకులు లేనంత మాత్రాన ఆయన పేరు ఎందుకు పోవాలి, మాకు భూమి ఇవ్వండి" అని అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమేనని దేవుడు తీర్పు చెప్పాడు. బైబిలు ఈ అయిదు పేర్లను పదేపదే మొత్తం చెబుతుంది. హొగ్లా అంటే కౌజుపిట్ట. మిల్కా అంటే రాణి. తిర్సా అంటే మనసుకు నచ్చేది.

1910లో ఉత్తర రాజ్యపు రాజధాని సమరియలో, రాజభవనం ఆవరణలో తవ్వితే వందకు పైగా రాతపెంకులు దొరికాయి. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దివి. అన్నీ లెక్కలు: పదో సంవత్సరంలో ఫలానా చోటినుంచి ఫలానా మనిషికి ఒక జాడీ పాత ద్రాక్షారసం, ఒక జాడీ నూనె. ఆ చోట్ల పేర్లు చదివితే అబీయెజెరు, హెలెకు, అశ్రీయేలు, షెకెము, షెమీదా. మనష్షే వంశావళిలో "కొడుకులు"గా ఉన్న పేర్లే ఇవన్నీ. వాటితోపాటు ఇంకో రెండు: నోయా, హొగ్లా.

భూమి అడిగిన ఆ అమ్మాయిల పేర్లు కొన్ని వందల ఏళ్ల తర్వాత ప్రాంతాల పేర్లయి, సర్కారు లెక్కల్లోకి ఎక్కాయి. హొగ్లానుంచి ద్రాక్షారసం వచ్చిందని ఒక గుమాస్తా పెంకు మీద సిరాతో రాసుకున్నాడు. తిర్సా అయితే కొంతకాలం ఉత్తర రాజ్యానికి రాజధాని కూడా. యెహోషువ 17వ అధ్యాయం మనష్షేకు పది వంతులు వచ్చాయంటుంది. అయిదుగురు మగవాళ్ల వంశాలకు అయిదు, ఈ అయిదుగురు ఆడపిల్లలకు అయిదు. ఆ పదిలో ఏడు సమరియ పెంకుల మీద ఉన్నాయి.

ఇక్కడినుంచి వెనక్కి తిరిగి చూస్తే దినవృత్తాంతాలు 2వ అధ్యాయంలో వింతగా తోచిన మాటలు తేటపడతాయి. "బేత్లెహేము తండ్రియైన శల్మా", "కిర్యత్యారీము తండ్రి శోబాలు". ఊరికి తండ్రేమిటి? అక్కడ తండ్రి అంటే ఊరు వేసినవాడు, ఆ ఊరు ఎవరి వంశానిదో ఆ వంశకర్త. మన ఇంటిపేర్లలో ఊరి పేర్లు ఉన్నట్టే వాళ్ల వంశావళిలో ఊళ్లు ఉన్నాయి. ఎవరు ఎవరిని కన్నారన్న భాషలో, ఏ ఊరు ఏ వంశానిది, ఎవరికి ఎవరితో పొత్తు అన్న సంగతి చెబుతున్నారు. వృత్తులు కూడా ఉన్నాయి: 4వ అధ్యాయంలో పనివాళ్ల లోయ ఉంది, సన్నపు నార నేసే ఇళ్లున్నాయి, రాజు దగ్గర పనిచేసే కుమ్మరులున్నారు. అందుకే ఒకే మనిషి ఒకచోట కొడుకుగా, ఇంకోచోట మనవడిగా కనిపిస్తే కంగారుపడి వాటిని అతికించే పని పెట్టుకోనక్కర్లేదు.

జంతువుల పేర్ల గురించి రెండు ముక్కలు. దెబోరా తేనెటీగ, యోనా పావురం, ఇవి చాలామందికి తెలుసు. రాజులు రెండో గ్రంథం 22:14లో ధర్మశాస్త్ర గ్రంథం దొరికిందని యోషీయా మనుషులు ప్రవక్త్రి దగ్గరికి వెళ్తారు. వెళ్లినవాళ్లలో అక్బోరు అంటే ఎలుక, షాఫాను అంటే బండల సందుల్లో బతికే చిన్న జంతువు. వాళ్లు కలిసిన హుల్దా పేరు ముంగిసలాంటి ఒక జంతువుది. మూడూ లేవీయకాండం అపవిత్రమన్న జాబితాలోవే. ధర్మశాస్త్రం పట్ల అంత భక్తి ఉన్నవాళ్లకు ఆ పేర్లలో తప్పేమీ కనిపించలేదు. షాఫాను కొడుకు గెమర్యా. రాజు యెహోయాకీము యిర్మీయా చుట్టను కోసి నిప్పుల్లో వేస్తుంటే వద్దని బతిమాలిన ముగ్గురిలో ఒకడు. 1982లో యెరూషలేములోని దావీదు పట్టణం తవ్వకాల్లో 51 మట్టి ముద్రలు బయటపడ్డాయి. వాటిలో ఒకదాని మీద "షాఫాను కొడుకు గెమర్యాహు" అని ఉంది. ఆ ముద్ర వేసిన పత్రం క్రీ.పూ. 586లో పట్టణంతోపాటు కాలి బూడిదైంది. ఆ మంటకే మట్టి కాలి గట్టిపడి, పేరు నిలిచిపోయింది.

హేమాను కొడుకుల జాబితా కూడా చూడాలి. దినవృత్తాంతాలు 25:4, దేవాలయంలో పాటగాళ్ల వంశం. పద్నాలుగు మంది కొడుకుల్లో చివరి తొమ్మిదిమంది: హనన్యా, హనానీ, ఎలీయ్యాతా, గిద్దల్తీ, రోమమ్తీయెజెరు, యొష్బెకాషా, మల్లోతి, హోతీరు, మహజీయోతు. తెలుగులో నోరు తిరగదు. హెబ్రీలో మెల్లగా చదివితే, మనుషుల్ని పిలుస్తున్నట్టుగా కాక ఒక కీర్తనలా వినిపిస్తుంది: కరుణించు యెహోవా, నన్ను కరుణించు. నా దేవుడవు నీవే. నేను ఘనపరిచాను, సహాయాన్ని హెచ్చించాను. చివరి నాలుగు పేర్ల దగ్గర పండితులు తలో రకంగా చదువుతారు, కష్టంలో కూర్చుని మాట్లాడాను, దర్శనాలు సమృద్ధిగా ఇవ్వు అన్నట్టు.

గిద్దల్తీ, రోమమ్తీ మామూలు పేర్ల పద్ధతిలో లేవు. "నేను గొప్ప చేశాను", "నేను హెచ్చించాను" అనే క్రియలు అవి. యెషయా గ్రంథం మొదటి మాటల్లో దేవుడు "నేను పిల్లలను పెంచి గొప్పవారినిగా చేసితిని" అంటాడు. హెబ్రీలో అవే రెండు క్రియలు, అదే వరసలో. పిల్లల గురించి దేవుడన్న మాటే హేమాను పిల్లల పేర్లయింది. తర్వాతి వచనం హేమానును రాజుకు దీర్ఘదర్శి అంటుంది. దర్శి అనే ఆ మాటకు, చివరి కొడుకు మహజీయోతు పేరుకు, అంటే దర్శనాలు, ధాతువు ఒకటే. ఇది అనుకోకుండా జరిగిందంటే నమ్మలేను. ఒక్కో కుటుంబం పాడే కీర్తన మొదటి మాటే ఆ కుటుంబానికి పేరై ఉంటుందని కొందరు, రచయితే ఒక ప్రార్థనను పేర్లలో దాచాడని కొందరు అంటారు. నాకు మొదటిది దగ్గరగా అనిపిస్తుంది. పాటగాడిని పాట మొదటి ముక్కతో పిలవడం ఎక్కడైనా ఉన్నదే.

పరాయి భాషల పేర్లు కూడా జాబితాల్లో చేరాయి. అహరోను మనవడు ఫీనెహాసు పేరు ఐగుప్తు మాట, నల్లనివాడు, నూబియా మనిషి అని. చెరలో పుట్టినవాళ్ల పేర్లలో బబులోను ఉంది. దావీదు వంశపు వారసుడు జెరుబ్బాబెలు పేరుకు అక్కదు భాషలో "బబులోను సంతానం" అని అర్థం. యెరూషలేములో గుడిని తిరిగి కట్టించినవాడి పేరులో, ఆ గుడిని కాల్చిన ఊరి పేరుంది.

ఆయన పిల్లల పేర్లు దినవృత్తాంతాలు 3:19, 20లో ఉన్నాయి. ముందు మెషుల్లాము, హనన్యా, వాళ్ల చెల్లెలు షెలోమీతు. తర్వాత "మరి అయిదుగురు" అని విడిగా ఇంకో జట్టు. మొదటి ముగ్గురు బబులోనులో పుట్టారని, ఈ అయిదుగురు సొంత నేలకు తిరిగొచ్చాక పుట్టారని అనుకుంటారు. ఆ అయిదుగురిలో ఒకడు ఓహెలు, గుడారం. బెరెక్యా, యెహోవా దీవించాడు. హసద్యా, యెహోవా కృప చూపాడు. ఆఖరివాడు యూషబ్హెసెదు, రెండు మాటలు కలిపిన పేరు. హెసెద్ అంటే కృప, విడవని ప్రేమ. యూషబ్‌లో ఉన్నది తిరిగి రావడమనే క్రియ. చెరనుంచి ఇంటికి తిరిగి రావడానికి బైబిలు వాడేది ఆ క్రియనే. తండ్రి పేరు బబులోను, చిన్నకొడుకు పేరు "కృప తిరిగి వచ్చుగాక". మా అమ్మ ఆ వచనం దగ్గర నన్ను రెండుసార్లు ఆపింది, యూషబ్హెసెదు సరిగ్గా పలకలేదని.